డేగకన్ను చూసిన ఆకుపచ్చ

మా ఆయన అసలు పేరు మిల్లులో ఎవరికీ గుర్తులేదు. గేటు దగ్గర కాపలా మనిషి నుంచి మేనేజరు గారి దాకా అందరికీ ఆయన డేగకన్ను. మొదట్లో ఎవరో వేళాకోళానికి పెట్టారు. ఈయన దాన్ని బిరుదులా నెత్తిన పెట్టుకుని ఊరేగారు. ఫోనెత్తినా "డేగకన్ను మాట్లాడుతున్నా" అనేవారు. నాకు ఒళ్ళు మండేది. "మీకు అమ్మానాన్నా పెట్టిన పేరు లేదా?" అని అడిగితే, "అది ఎవరికైనా ఉంటుందే, ఇది నేను సంపాదించుకున్నది" అనేవారు. అలాంటి మనిషి ఇప్పుడు ఎవరైనా పాత అలవాటు కొద్దీ ఆ పేరుతో పిలిస్తే తల దించుకుని పక్కకి తప్పుకుంటున్నారు. ఆయన పక్కన నడవాలంటే నాకూ సిగ్గుగానే ఉంటోంది. కట్టుకున్న మనిషి గురించి ఇలా అనకూడదు. కానీ ఉన్నమాట అది.

అది అట్టపెట్టెలు తయారుచేసే మిల్లు. కాగితాన్ని అలలు అలలుగా వంచి అతికించాలంటే ఆవిరి కావాలి. ఆవిరికి బాయిలరు, బాయిలరుకి నీళ్ళు. "నీళ్ళంటే నీళ్ళే కదండీ, వాటికి పరీక్షలేంటి, అవేమన్నా బడికి వెళ్తున్నాయా?" అని పెళ్ళైన కొత్తలో అమాయకంగా అన్నాను. అంతే, వంటింట్లో నాకు పాఠం మొదలైంది. పొయ్యి మీద గిన్నెలో నీళ్ళు పెట్టి, అవి ఇంకా మరగకముందే గిన్నె లోపల అంటుకుని మెరుస్తున్న సన్నటి బుడగల్ని చూపించారు.

"ఇవేంటో తెలుసా? నీళ్ళలో కరిగి దాక్కున్న గాలి. నీ గిన్నెని ఇది ఏమీ చెయ్యదు. బాయిలర్లోకి వెళ్ళిందా, అందులో ఉన్న ఆక్సిజన్ ఇనుమును కొరుక్కు తింటుంది. పైపైన తుప్పు పట్టించి ఊరుకోదు. ఒక్కచోటే కూర్చుని గుంట తవ్వుతుంది. ఒకరోజు ట్యూబుకి చిల్లు పడుతుంది."

ఆ గాలిని ముందే తరిమెయ్యడానికి మిల్లులో ఎత్తున ఒక పెద్ద తొట్టి ఉంది. నీళ్ళను తుంపర్లుగా చేసి, వాటి మీదికి ఆవిరి వదిలితే గాలి విడిపోయి పైనుంచి పోతుంది. ఇంకా ఏమైనా మిగిలితే తినెయ్యడానికి ఒక మందు కలుపుతారు. ఇవన్నీ సరిగ్గా జరిగాయా లేదా అని చూసి చెప్పడమే మా ఆయన పని. నీళ్ళ గట్టితనం, ఉప్పు, పులుపు లాంటి పరీక్షలు ఇంకా బోలెడున్నాయి. వాటితో ఏ పేచీ రాలేదు. వచ్చిందల్లా ఆక్సిజన్‌తోనే.

బాయిలరు గది వెనకాల కిటికీ పక్క మూల ఆయన రాజ్యం. అక్కడ వేడినీళ్ళు చల్లబడి సన్నటి గొట్టంలోంచి ధారగా వస్తుంటాయి. అన్ని వైపులా మూసేసిన చిన్న గాజు గొట్టాన్ని ఆ ధారలో ముంచి దాని కొన విరిస్తే, అది నీళ్ళను లోపలికి పీల్చుకుంటుంది. లోపలున్న మందు రంగు మారుతుంది. పసుపు తిరిగిన ఆకుపచ్చ అయితే నీళ్ళు మంచివి. నీలం వైపు జరిగేకొద్దీ ఆక్సిజన్ ఎక్కువ ఉన్నట్టు. ఏ రంగుకి ఎంతో పోల్చి చూసుకోవడానికి ఒక పెట్టెలో రంగుల గాజుగొట్టాలు వరసగా పేర్చి ఉంటాయి. లోకంలో అందరూ వాటి పక్కన పెట్టి చూస్తారట. మా ఆయన చూడరు. కిటికీ వెలుతురులోకి ఎత్తి, ఒక్క చూపు చూసి అంకె చెప్పేస్తారు. అబద్ధమెందుకు, ఒకప్పుడు పోల్చి చూస్తే ఆ అంకె సరిగ్గానే ఉండేది. దాంతో పెట్టె అటకెక్కింది, ఈయన కళ్ళు నెత్తికెక్కాయి.

ఆ బాయిలరు నడిపేది మా తమ్ముడు. నా వెనక పుట్టినవాడు, నా చేతుల్లో పెరిగినవాడు. మా పెళ్ళిలో వాడు లాగుల్లో ఉన్నాడు. బావ భుజమెక్కితే దిగేవాడు కాదు. పెద్దయ్యాక బావ పనిచేసే చోటే పనిచెయ్యాలని పట్టుబట్టి, పరీక్ష రాసి బాయిలరు లైసెన్సు తెచ్చుకున్నాడు. ఇద్దరూ ఒకచోట చేరారంటే నా చెవులు చిల్లులు పడేవి. "నువ్వు కిటికీ దగ్గర కూర్చుని రంగులు చూస్తావు బావా, చెమట నాది" అని వాడు, "నేను ఆ రంగు చూడకపోతే నువ్వు ఏనాడో గాల్లోకి లేచిపోయేవాడివిరా" అని ఈయన. మా ఇంట్లో సోఫా మీద కాళ్ళు బారజాపుకుని, బావ చేతిలోని టీ లాక్కుని తాగే చనువు ఈ ప్రపంచంలో వాడొక్కడికే ఉండేది.

కొంతకాలం కిందట మిల్లు వాళ్ళు ఆక్సిజన్ కొలిచే మీటరొకటి కొన్నారు. గోడకి బిగించారు. అది చెప్పే అంకె మా ఆయన చెప్పే అంకె కంటే ఎక్కువ ఉంది. ఈయనకి కోపం నషాళానికి అంటింది. మీటరుకి వెళ్ళే గొట్టం ఎక్కడో బయటి గాలి పీలుస్తోందన్నారు, అమ్మినవాడు మోసం చేశాడన్నారు. మా తమ్ముడు మాత్రం, "బావా, నాలుగు రోజులు దాని మాట కూడా విని చూద్దాం. నాకెందుకో తొట్టి పైన ఆవిరి పొగ కూడా మునుపటిలా రావట్లేదనిపిస్తోంది" అన్నాడు. "ఏరా, నా కన్ను కంటే ఆ డబ్బా ఎక్కువైపోయిందా నీకు?" అని అందరి ముందూ వాణ్ణి ఆటపట్టించారట. అందరూ నవ్వారట. వాడూ నవ్వేశాడు. మర్నాడు మేనేజరు గారు మీటరు తీయించేశారు. ఆ వేళ ఇంటికొచ్చి ఈయన పడిన సంబరం ఇంతా అంతా కాదు. నేనూ మురిసిపోయాను, ఎందుకు దాచాలి.

తర్వాత ట్యూబుకి చిల్లు పడింది. బాయిలరు ఆగింది, మిల్లు ఆగింది. అదృష్టం కొద్దీ మనుషులెవరికీ ఏమీ కాలేదు. ట్యూబు కోసి చూస్తే లోపలంతా గుంటలు. బాయిలర్ల ఇన్‌స్పెక్టరు వచ్చి, ఇది ఆక్సిజన్ చేసిన పనే అన్నాడు. నీళ్ళ పరీక్షల లెక్కలు చూశాడు. అన్నీ బాగున్నాయి, మా ఆయన చూసినవి మరి! నడుస్తున్నప్పుడు నీళ్ళు మంచివే అయితే ఆక్సిజన్ ఎప్పుడు చేరినట్టు? నడవనప్పుడు. సెలవులకి బాయిలరు ఆపేటప్పుడు గాలి చొరబడకుండా నీళ్ళు నిండా నింపి, మందు కలిపి మూసెయ్యాలి. సగం నింపి వదిలేస్తే సెలవులన్నాళ్ళూ గాలి లోపల కాపురం పెడుతుంది. నింపాల్సింది ఎవరు? మా తమ్ముడు. లెక్క తేలిపోయింది. వాణ్ణి బాయిలరు దగ్గర నుంచి తప్పించారు, లైసెన్సు రద్దుకి రాస్తామన్నారు. ట్యూబులు మార్చి, ఇంకొకరి చేత బాయిలరు నడిపించడం మొదలుపెట్టారు.

అందరికంటే ఎక్కువ ఎగిరింది మా ఆయనే. మా హాల్లో వాణ్ణి నిలబెట్టి కడిగేశారు.

"నిండా నింపరా, నిండా నింపరా అని చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా? నా పరువు తీశావు కదరా!"

"నింపాను బావా. ప్రతిసారీ నింపాను."

"నింపితే గుంటలు ఎలా వచ్చాయి? ఆకాశంలోంచి ఊడిపడ్డాయా?"

వాడు నా వైపు చూశాడు. నేనేం చేశాను? "పెద్దవాళ్ళు చెబితే వినాలిరా" అన్నాను. వాడి మొహం చిన్నబోయింది. టీ అయినా తాగకుండా వెళ్ళిపోయాడు.

ఆ గొడవ రోజుల్లోనే ఈయన కాలు మెట్టు మీద సరిగ్గా పడక దొర్లారు. అంతకుముందే గ్లాసు పక్కన టీ పోయడం, దారం గుచ్చమంటే "నీ సూదికి కన్నం లేదే" అని నా మీదే విసుక్కోవడం జరుగుతూనే ఉన్నాయి. కళ్ళు చూపించుకోండి మొర్రో అంటే వినరు. డేగకన్నుకి కంటి డాక్టరా, నవ్వుతారే అనేవారు. ఈసారి రెక్క పట్టుకుని లాక్కెళ్ళాను. డాక్టరమ్మ చూసి రెండు కళ్ళకీ శుక్లాలు ముదిరాయంది. ముందు కుడికంటికి ఆపరేషన్ చేసింది.

కట్టు విప్పిన రోజు ఆయన ఆ గదంతా కలయజూసి, చిన్నపిల్లాడిలా నవ్వారు. డాక్టరమ్మ వేసుకున్న చొక్కా చూసి, "ఎంత నీలం!" అన్నారు.

"మరి? ఇన్నాళ్ళూ మీరు పసుపు కళ్ళద్దాల్లోంచి లోకాన్ని చూస్తున్నట్టే లెక్క" అంది డాక్టరమ్మ. "శుక్లం అలా పసుపు తిరుగుతుంది. లేత నీలాలు మీకు ఆకుపచ్చగా కనిపించి ఉంటాయి."

నేను పడీ పడీ నవ్వాను. ఎందుకంటే, మా హాల్లో కిటికీకి నీలం కర్టెన్లు వేస్తే అవి ఆకుపచ్చవని నాతో పెద్ద యుద్ధం చేసిన మనిషి ఈయన. "విన్నారా? ఎవరు గెలిచారు ఇప్పుడు?" అన్నాను. ఆయన నవ్వలేదు.

"ఎన్నాళ్ళ నుంచి డాక్టరుగారూ?" అని అడిగారు.

"ఏళ్ళు పట్టి ఉంటుందండి. మెల్లగా వస్తుంది కదా, మనకి తెలీదు."

దారంతా ఆయన మొహం ముడుచుకునే కూర్చున్నారు. నొప్పేమో అనుకున్నాను. ఇంటికొచ్చాక ఆ కిటికీ ముందు కూర్చుని ఒక కన్ను అరచేత్తో మూసుకోవడం, తెరవడం, రెండోది మూసుకోవడం. కన్ను పాడుచేసుకుంటారు మానండి అని కసిరాను. ఆపరేషన్ కాని ఎడమకంటితోనే చూస్తానని కుడికన్ను మూసుకు కూర్చునేవారు. పిచ్చి మొహాన్ని, అప్పటికీ నాకు తట్టలేదు. నాకు రంగంటే కర్టెన్లే. ఆయనకి రంగంటే ఏమిటో అన్నేళ్ళు కాపురం చేసీ గుర్తుకు రాలేదు.

ఆయన సెలవులో ఉన్నారు కాబట్టి మిల్లులో ఆ మూల పరీక్ష కూడా ఆగిపోయింది. ఆయన వచ్చి చూస్తారులే అని ఎవరూ ముట్టుకోలేదు.

ఒక సాయంత్రం మా తమ్ముడు బావని పలకరించడానికి వచ్చాడు. చిక్కిపోయాడు. సోఫా చివర కూర్చున్నాడు.

"కన్నెలా ఉంది బావా?"

"బాగానే ఉందిరా."

"రేపు మేనేజరు గారి దగ్గరికి వెళ్తున్నా. నాదే తప్పని ఒప్పేసుకుంటాను." వాడు మాట్లాడుతున్నది నాతో, చూస్తున్నది నేలని. "ఒప్పుకుంటే లైసెన్సు పోయినా ప్యాకింగ్‌లో వేస్తామన్నారు అక్కా. ఆలోచించి ఆలోచించి బుర్ర వేడెక్కిపోయింది. నింపాననే నాకు గుర్తు. కానీ ఎప్పుడో ఒక సెలవులో తొందరపడి సగంలో కట్టేసి ఉంటాను. అంతే అయ్యుంటుంది. బావ కన్ను తప్పు చెప్పదు కదా."

చెయ్యని తప్పు చేశానని వాడు తనని తానే నమ్మించుకున్నాడు. అయితే అది చెయ్యని తప్పని నాకు ఇంకా తెలియదు. తెలిసిన మనిషి నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వాడి ఎదురుగానే ఉన్నాడు. ఆ మనిషి ఏమన్నాడో వినండి. "సరేలే, అదే మంచిది" అన్నాడు. వాడి భుజం తట్టాడు కూడా.

వాడు వెళ్ళాక తలుపు వేసి వచ్చేసరికి ఈయన కర్టెన్ పట్టుకుని నిలబడి ఉన్నారు. అద్దాలు తీసేశారు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఇది నీలమే" అన్నారు.

"అయ్యో, ఇంకా దాని గురించేనా? కంట్లో మందు వేసుకోండి ముందు."

"అదీ నీలమే. ఇన్నాళ్ళూ నేను ఆకుపచ్చ అని చెప్పినవి... గొట్టాలు... అవీ నీలమే అయ్యుంటాయి."

ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక అక్కడే కుర్చీలో కూలబడ్డాను. నీళ్ళు చెడిపోయాయి, ఈయన బాగున్నాయన్నారు. ఈయన బాగున్నాయన్నారు కాబట్టి నేరం మా వాడి మెడకి చుట్టుకుంది.

"మరి వాడు ఇక్కడే కూర్చుని ఉంటే నోరు పెగల్లేదేం?"

"చెబుదామనే అనుకున్నా."

"అనుకుని భుజం తట్టారా!"

"ప్యాకింగ్‌లో వేడుండదు, పొగుండదు. వాడికి హాయేగా" అన్నారు. ఆ మాట అన్న వెంటనే ఆయనకే అసహ్యమేసినట్టుంది, మొహం అవతలికి తిప్పుకున్నారు. తర్వాత గొంతు తగ్గించి, "డేగకన్ను కాకపోతే నేనెవర్నే? ఆ మిల్లులో నన్ను ఇంకేమని పిలుస్తారు?" అన్నారు.

నాకు జాలేసింది, కాదనను. కానీ జాలి కంటే మంట ఎక్కువగా ఉంది. "ఎవరేమని పిలిస్తే ఏం? వాడు బావా అని పిలుస్తున్నాడు కదా, అది చాల్లేదా మీకు?" అని అరిచాను. ఇంకా చాలా అన్నాను. పక్కింటికి వినిపించినా సరే అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే తయారై కూర్చున్నారు. కంట్లో దుమ్ము పడకూడదని వంక పెట్టి నేనూ వెంట వెళ్ళాను. అసలు సంగతి, దారిలో మనసు మార్చుకుంటారేమోనని నా భయం. మేనేజరు గారి గదిలో మా తమ్ముడు అప్పటికే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి, తన తరఫున చెప్పడానికి వచ్చామనుకున్నాడు కాబోలు, "నువ్వెందుకు వచ్చావు బావా ఈ కన్నుతో" అన్నాడు ఆప్యాయంగా. నేను వాడి వంక చూడలేకపోయాను.

ఈయన కూర్చోలేదు. "వీడి తప్పు లేదండి. నేను రంగు తప్పు చూశాను. నా కళ్ళు పాడయ్యాయి" అన్నారు.

మేనేజరు గారు ముందు నవ్వారు. తర్వాత తలుపు వైపు చూసి గొంతు తగ్గించారు. "ఏంటండీ మీరు, డేగకన్ను అయ్యుండి. బామ్మర్ది మీద ప్రేమతో అంటున్నారు, అర్థమైంది. అతను ఒప్పుకుంటున్నాడు, విషయం ఇక్కడితో సర్దుకుంటుంది. మళ్ళీ కదపడం ఎందుకు?"

ఈయన తప్పించుకోవడానికి మేనేజరు గారే వాకిలి బార్లా తెరిచి చూపించారన్నమాట. ఈయన మాత్రం, "నా వెంట రండి" అని బయల్దేరారు. అందరం బాయిలరు గది వెనకాల ఆ కిటికీ మూలకి వెళ్ళాం. ధార కింద గాజుగొట్టం కొన విరిచారు. వెలుతురులోకి ఎత్తి, కుడికన్ను మూసుకుని, "ఇన్నాళ్ళూ చూసింది ఈ కంటితో. ఆకుపచ్చ" అన్నారు. ఎడమకన్ను మూసుకుని, "ఇప్పుడు నీలం. మీరే చూడండి" అన్నారు. చూడ్డానికి డాక్టరీ చదవక్కర్లేదు. ఆరేసిన నా నీలం దుప్పటిలా ఉంది అది. పోల్చి చూసే పెట్టె దింపించారు, దుమ్ము తుడిచారు. వరసలో నీలం వైపు చివరి గొట్టాల దగ్గర ఆగింది రంగు. "ఆ మీటరు నిజమే చెప్పింది. అబద్ధం నాది" అన్నారు.

తర్వాత తొట్టి ఆపి విప్పితే లోపల తుంపర్లు చేసే మూతులు విరిగిపోయి, నీళ్ళు ధారగా పడుతున్నాయని తెలిసింది. తొట్టి పైన పొగ తగ్గిందని మా వాడు చెప్పింది అక్షరాలా నిజం. లైసెన్సు నిలబడింది. వాణ్ణి మళ్ళీ బాయిలరు మీదికి పిలిచారు.

కానీ అదంతా తర్వాత. ఆ మూల, ఆ గాజుగొట్టం చుట్టూ అందరం నిలబడి ఉండగా, మా తమ్ముడి మొహం విప్పారింది. గుండెల మీద బరువు దిగినట్టు గట్టిగా గాలి వదిలాడు. "పోన్లే బావా, కళ్ళు పోతే నువ్వేం చేస్తావు? అది నీ తప్పా" అన్నాడు. నా కళ్ళు చెమర్చాయి. వాడు అలాంటివాడే. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

ఈయన నా వైపు చూశారు. నేను చూపు తిప్పుకున్నాను. అది ఆయన చెప్పాల్సిందే.

"కట్టు విప్పిన రోజు."

"అంటే నిన్న నేను మీ ఇంటికి వచ్చేసరికే."

"అవునురా."

"నేను ఒప్పుకుంటానంటే సరే అన్నావు."

ఈయన తల మరింత కిందికి వాలింది. బాయిలరు హోరులో ఆ "అవును" మాకు వినపడలేదు, పెదాలు కదలడం మాత్రం కనిపించింది. మా తమ్ముడు అరుస్తాడేమో, కొడతాడేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది. చేతిలోని గుడ్డతో మొహం తుడుచుకుని, "సరేనండి" అన్నాడు.

అంతే. ఆ రోజు నుంచి మా ఆయన వాడికి "మీరు".

మా ఆయన ఇప్పుడు మిల్లులో సీసాలు కడిగి, నీళ్ళు పట్టి, మళ్ళీ గోడకి బిగించిన మీటరు చెప్పిన అంకె చదువుతారు. రెండో కన్ను కూడా బాగుపడింది. మా తమ్ముడు మా ఇంటికి రావడం మానలేదు. నా కోసం వస్తాడు, సామాను తెస్తాడు, నాతో ఎప్పట్లాగే పోట్లాడతాడు. మొన్న నేనే ఉండబట్టలేక, "ఎన్నాళ్ళురా ఈ మర్యాదలు?" అని అడిగేశాను. సరిగ్గా అప్పుడే ఈయన లోపల్నుంచి హాల్లోకి వచ్చారు. సోఫాలో ఉన్నవాడు కాళ్ళు దగ్గరికి తీసుకుని లేచి నిలబడ్డాడు.

"కూర్చోరా" అన్నారు ఈయన.

"పర్లేదండి."

"ఒరేయ్, నాలుగు తిట్లు తిట్టరా నన్ను. అక్క ముందే తిట్టు. కడిగెయ్యి."

"అయ్యయ్యో, పెద్దవారు. మిమ్మల్ని తిట్టడమేంటండీ."

ఈయన చేతిలో టీ గ్లాసుంది. వాడు లాక్కుంటాడేమోనని కాస్త ముందుకి చాపారు కూడా. వాడు చూడలేదో, చూసీ చూడనట్టున్నాడో మరి. "ఉంటాను అక్కా" అని నాతో అన్నాడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని, వెనక్కి తిరిగి, "వస్తానండి" అని ఆయనకి కూడా చెప్పి వెళ్ళాడు.